మార్కాపురం హైస్కూలు 1996 బ్యాచ్ కలయిక: జాబితాలో ఎవరెవరు ఉండాలి?

రెండో బెంచి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మన బ్యాచ్ పదో తరగతి రాసి ముప్ఫై ఏళ్లయింది. వాట్సాప్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పుకోవడమే తప్ప అందరం ఒకచోట కూర్చుని అన్నం తిన్నది లేదు. వచ్చే సంక్రాంతి సెలవుల్లో మార్కాపురంలో కలుద్దాం. బాయ్స్ హైస్కూలు, గర్ల్స్ హైస్కూలు రెండు బ్యాచ్‌లూ కలిపి చేద్దామని చాలామంది అంటున్నారు, నాకూ అదే బాగుందనిపిస్తోంది.

పొద్దున బడిలో ప్రార్థన, తర్వాత మాస్టార్లకు సన్మానం, మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో భోజనం, గ్రూప్ ఫోటో. అందరికీ 'ఎస్సెస్సీ 1996' అని రాసిన టీషర్టులు. ఖర్చుకు తలా 3,000 అనుకుంటున్నాం. పదో తరగతి పాసైనవాళ్ల పేర్లతో ఒక జాబితా తయారుచేశాను, ఎవరైనా తప్పిపోయి ఉంటే చెప్పండి.

ఇంకొక్క మాట. ఎవరికి ఏం గుర్తుంటే అది ఇక్కడ రాయండి. చిన్న పుస్తకంగా వేయించి ఆ రోజు పంచుదాం.

గుండ్లకమ్మ (ఒంగోలు)

సంక్రాంతి మగవాళ్లకు సులువే. మాకు ఆ మూడు రోజులూ పొయ్యి దగ్గరి నుంచి కదలడానికి ఉండదు. మనలో కొంతమందికి ఇప్పటికే అల్లుళ్లు వచ్చారు, పండక్కి వాళ్లను వదిలి ఎలా వస్తాం? చైత్రంలో చెన్నకేశవస్వామి తిరునాళ్లప్పుడు పెడితే అందరం ఎలాగూ వస్తాం. రథం లాగడం చూసి ఎన్నేళ్లయిందో.

నాకు గుర్తున్నది రాస్తాను. పదో తరగతి చదివిన ఏడాది ఒకదాని వెంట ఒకటి ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. పొద్దున్నే రేడియోలో విని మా నానమ్మ వాకిట్లోనే కూలబడిపోయింది. మార్చిలో పరీక్షలకు చదువుకోవాల్సిన రోజుల్లో ప్రపంచ కప్. శ్రీలంకతో సెమీఫైనల్ రాత్రి మా వీధిలో టీవీ ఉన్న ఇంటి వరండా నిండిపోయింది. ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు విసిరారు, ఆట ఆగిపోయింది, కాంబ్లీ ఏడుస్తూ బయటికి వచ్చాడు. మా అన్నయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున ప్రైవేటుకు వెళ్తే లెక్కల మాస్టారు కూడా దిగాలుగా ఉన్నారు, త్రికోణమితి చెప్పకుండానే పంపించేశారు!

తర్లుపాడు రోడ్డు (మార్కాపురం)

ఏప్రిల్‌లో వద్దు తల్లీ. ఊళ్లో ఉండేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఎండ సంగతి పక్కన పెట్టండి, నీళ్లు పెద్ద టెన్షన్. ఏప్రిల్లో ఫంక్షన్ హాలు తీసుకుంటే ట్యాంకర్లు మనమే తెప్పించుకోవాలి, తాగడానికి క్యాన్లు వేరే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. మన వయసువాళ్ల పళ్లు చూస్తేనే తెలుస్తుంది ఎవరు ఏ ఊరి బోరు తాగి పెరిగారో.

వెలిగొండ నీటి ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసింది కూడా మనం పదో తరగతి రాసిన 1996లోనే. శ్రీశైలం వెనక జలాలు నల్లమల కొండ కిందుగా సొరంగంలో వస్తాయని సోషల్ మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చూపించారు. 2024 మార్చిలో సొరంగాలను ప్రారంభించారు. ఆ రోజు టీవీలో చూస్తుంటే నాకు ఆ బోర్డే కళ్లముందు మెదిలింది.

సంక్రాంతి అయ్యాక వచ్చే ఆదివారం పెట్టండి. అల్లుళ్లు వెళ్లిపోతారు, చలి ఉంటుంది, నీళ్లుంటాయి.

దొనకొండ బండి (గుంటూరు)

నేను తొమ్మిదో తరగతి మధ్యలో వెళ్లిపోయాను, గుర్తున్నానో లేదో. మా నాన్న దొనకొండ లోకో షెడ్డులో ఫిట్టర్. నేను మార్కాపురంలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకున్నాను. శనివారం ఒంటిపూట బడి కాగానే సంచి భుజాన వేసుకుని మార్కాపురం రోడ్ స్టేషన్‌కు పరుగు. స్టేషన్ ఊరికి దూరం కదా, ఎవరి సైకిలో ఎక్కేవాణ్ణి. మీటర్ గేజి ప్యాసింజర్, మధ్యలో గజ్జెలకొండ, ఆ తర్వాత దొనకొండ. కిటికీ పక్కన కూర్చుంటే కళ్లలో బొగ్గు నలుసులు పడేవని మా నాన్న తన రోజుల సంగతి చెప్పేవాడు. మా నాటికి డీజిలే ఎక్కువ.

దొనకొండ అంటే ఇప్పటివాళ్లకు బ్రిటిష్‌వాళ్లు యుద్ధకాలంలో కట్టిన విమానాల రన్‌వే ఒక్కటే తెలుసు. మాకు మాత్రం రైల్వే ఊరు. సాయంత్రమైతే క్వార్టర్ల ముందు నూనె మరకల చొక్కాలు ఆరేసి ఉండేవి. మేం హైస్కూల్లో ఉన్న రోజుల్లోనే బ్రాడ్ గేజి పనులు వచ్చాయి. మీటర్ గేజి ఇంజన్లు పోయాయి, షెడ్డులో పని పోయింది, బదిలీలు వచ్చాయి. మా క్వార్టర్ల వరుసలో పిల్లలందరం తలో ఊరికి చెదిరిపోయాం. నంద్యాల వైపు అడవిలో దొరబావి వంతెన మీదుగా బండి పోతుంటే కిందికి చూడలేక కళ్లు మూసుకునేవాణ్ణి. కొత్త లైను వేరే దారిలో వేశాక ఆ వంతెనా పనికిరాకుండా పోయింది.

నా ప్రశ్న ఒకటే. నేను పదో తరగతి మీతో రాయలేదు, వేరే ఊళ్లో రాశాను. మీ జాబితాలో నా పేరు ఉండదు. రావచ్చా?

రెండో బెంచి (హైదరాబాద్)

ఏం ప్రశ్నరా అది! నీ సైకిలు ప్రయాణాల్లో సగం నా సైకిలు మీదే. నీ పేరు రాసుకున్నాను.

డల్లాస్ గడియారం (డల్లాస్)

అందరికీ నమస్తే. నేను తప్పకుండా వస్తున్నాను. రాలేనివాళ్ల వాటా నేను వేసుకుంటాను.

ఒకటి చెప్పాలి. ఇక్కడ ఇంటికి కొత్తగా నేల వేయించాలని టైల్స్ షాపుకు వెళ్లాం. గోడకు ఆనించిన రాతి పలకల ముందు నా కాళ్లు ఆగిపోయాయి. బూడిద రంగు మీద తుప్పు రంగు చారలు, అక్కడక్కడ ఆకుపచ్చ. చేత్తో తడిమితే పొరలు పొరలుగా అంచు తగిలింది. ఇండియా నుంచి వచ్చిన స్లేట్ అని షాపతను చెప్పాడు. వాసన చూశాను, మా ఆవిడ నవ్వింది. మన బడి గోడ పక్కన పలక ముక్కల గుట్టలుండేవి, వాన పడితే వచ్చే వాసన అది. దేశమంతా పిల్లలు అ ఆలు దిద్దిన పలకల్లో ఎన్నో మన ఊరివేనని అప్పుడు మనకెవరికీ పట్టలేదు. రోజూ కాళ్ల కింద తొక్కుకుంటూ పోయేవాళ్లం.

గుండ్లకమ్మ (ఒంగోలు)

డల్లాస్ రాసింది చదివి నాకు దొండాకు గుర్తొచ్చింది. చిన్నబడిలో శనివారం పలక నలుపు చేసుకునే రోజు. బొగ్గు నూరి, దొండాకుతో కలిపి పలక రెండు వైపులా రుద్ది ఎండలో పెట్టేవాళ్లం. చేతులన్నీ పచ్చగా నల్లగా అయ్యేవి. ఆరాక బలపంతో రాస్తే అక్షరం తెల్లగా మెరిసిపోయేది. ఉమ్ముతో తుడిస్తే సరస్వతికి కోపం వస్తుందని మా టీచరమ్మ ఒప్పుకునేది కాదు, తడిగుడ్డ తెచ్చుకోవాల్సిందే.

నేనిప్పుడు ప్రైమరీ స్కూల్లో పనిచేస్తున్నాను. మా పిల్లల దగ్గర రాతి పలక లేదు. మొదట రేకు పలకలు వచ్చాయి, తర్వాత ప్లాస్టిక్‌వి, ఇప్పుడు మొదటిరోజు నుంచే నోటుబుక్కు.

నల్లపలక (మార్కాపురం)

నమస్కారం. నేను మీతో ఆరు, ఏడు తరగతులు చదివాను. సి సెక్షన్. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రాశాక మళ్లీ బడికి రాలేదు. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఈ మాటలన్నీ తనే ఫోన్‌లో చదివి వినిపించింది. నేను చెబుతుంటే తనే టైపు చేస్తోంది.

ఆ ఎండాకాలం మా నాయన గనిలో పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అమ్మ ముందే పలకల పనికి పోయేది, నేనూ పోయాను. సెలవుల వరకే అనుకున్నాం. కానీ పలకలకు గిరాకీ వచ్చేది బడులు తెరిచే ముందే కదా. మే, జూన్‌లలో రాత్రిళ్లు కూడా పని. లారీలు వచ్చి నిలబడేవి. దేశంలో పిల్లలందరికీ పలకలు చేరాలంటే మేం జూన్‌లో షెడ్డులో ఉండాల్సిందే. ఆగస్టుకు పని తగ్గింది, అప్పటికి మీ పాఠాలు చాలా ముందుకు పోయాయి. ఇంక రాలేదు. నాలాగే మన సెక్షన్ వాళ్లు ఇంకా ఉన్నారు, కొందరు ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు.

డల్లాస్ అన్న రాయి గురించి రాశాడు కాబట్టి చెబుతున్నా. రాయి గని నుంచి వచ్చినప్పుడు తేమగా ఉండాలి. ఎండిందంటే పొర సరిగా లేవదు, విరుగుతుంది. అందుకని తడిపిన గోనెసంచులు కప్పేవాళ్లం. దిమ్మెను నిలబెట్టి, అంచు మీద వెడల్పు ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టాలి. వెంట్రుకంత గీత పడుతుంది. ఆ గీత వెంట ఉలిని జరుపుకుంటూ పోతే పొర దానంతట అదే విడుతుంది. తొందరపడి గట్టిగా కొడితే దిమ్మె మొత్తం పోయినట్టే. విడిన పలకను వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులుంది. తర్వాత కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి మేకులు కొట్టాలి. మేకుల పని పిల్లలం చేసేవాళ్లం. మధ్యాహ్నానికి కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకునేది. మన బడి ఇంటర్వెల్ గంట మా షెడ్డుకు వినపడేది.

ఇప్పుడు పలకలు లేవు, టైల్స్ యూనిట్‌లో కటింగ్ మిషన్ మీద ఉన్నాను. దొనకొండ బండిని రమ్మన్నారు కదా. పదో తరగతి అసలే రాయనివాడు కూడా రావచ్చా? వాటా డబ్బులు ఇస్తాను.

తర్లుపాడు రోడ్డు (మార్కాపురం)

నువ్వు ఎవరో నాకు తెలిసిపోయింది. మా షాపులో మీ అమ్మకు దగ్గు మందు తీసుకుపోతావు, ఇన్నేళ్లుగా ఒక్క మాట అనలేదే! రేపు సాయంత్రం షాపుకు రా.

గుండ్లకమ్మ (ఒంగోలు)

ఇంత చదువు చదివి, ఇన్నేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. జూన్‌లో గిరాకీ అన్న మాట దగ్గర ఆగిపోయాను, ముందుకు చదవలేకపోయాను. తమ్ముడూ, నువ్వు రావాలి. వాటా సంగతి తర్వాత.

మా వైపు కూడా ఇదే కథ. గర్ల్స్ హైస్కూల్లో ఆరో తరగతిలో ఒక్క బెంచీకి అయిదుగురం సర్దుకుని కూర్చున్నాం, పదికి వచ్చేసరికి ముగ్గురమే. పెళ్లిళ్లు అయ్యాయని కొందరి గురించి అన్నారు. మిగతావాళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కంభం చెరువు (బెంగళూరు)

నేనొక్కణ్ణి వేరే మాట చెబుతున్నానని అనుకోకండి. నల్లపలక రావాలి, అందులో నాకు ఏ అనుమానం లేదు. నేను అడిగేది పద్ధతి గురించి. ఆరో తరగతిలో చేరినవాళ్లందరినీ లెక్కేస్తే సంఖ్య చాలా పెరుగుతుంది. వాళ్లలో ఎవరు ఎక్కడున్నారో తెలియదు. పదిమందిని వెతికి పట్టుకుని మిగతావాళ్లను వదిలేస్తే, తర్వాత తెలిసినవాళ్లకు మనసు కష్టపడదా? పైగా అందరం కార్లలో వచ్చి, ఫారిన్ కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్లకు అక్కడ ఎలా ఉంటుంది? పిలిచి చిన్నబుచ్చినట్టు కాకూడదు. నాకు ఇదే భయం.

ఎనిమిదో తరగతిలో కంభం చెరువుకు ఎక్స్‌కర్షన్ వెళ్లాం కదా. రెండు కొండల మధ్య ఒక్క కట్ట వేసి అంత నీటిని ఆపారు. విజయనగర రాజుల కాలం నాటిది, 2020లో అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఎక్స్‌కర్షన్ ఫోటో నా దగ్గరుంది. నిన్న తీసి చూశాను. డబ్బులు కట్టినవాళ్లమే అందులో ఉన్నాం, సగం క్లాసు లేదు. అప్పుడలా జరిగింది. ఇప్పుడు చేస్తే సరిగ్గా చేయాలి, లేకపోతే మొదలుపెట్టకూడదు.

నల్లకోటు (విజయవాడ)

కంభం అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కానీ ఒక విషయం మీ అందరికీ తెలియాలి.

1996 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు బాల కార్మికుల మీద పెద్ద తీర్పు ఇచ్చింది, ఎం.సి. మెహతా కేసులో. శివకాశి అగ్గిపెట్టెల మీద మొదలైన కేసు అది. తీర్పులో దేశం మొత్తం మీద ముందుగా చర్య తీసుకోవాల్సిన తొమ్మిది పరిశ్రమల పేర్లు ఉన్నాయి. ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి, సూరత్ వజ్రాల సాన, ఆ వరుసలో మార్కాపురం పలకలు. పిల్లవాణ్ణి పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కొక్కరికి 20,000 రూపాయలు నిధికి కట్టాలని చెప్పింది.

లా కాలేజీలో ఆ తీర్పు చదువుతుంటే మన ఊరి పేరు కనబడింది. పుస్తకం మూసి హాస్టల్ బయటికి వచ్చేశాను. తీర్పు వచ్చేనాటికి మనం ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాం. నల్లపలక అప్పటికి మూడేళ్లుగా పనిలో ఉన్నాడు. కోర్టు ఎవరి గురించి మాట్లాడిందో వాళ్లు మన క్లాసువాళ్లే. అందుకే వాళ్లను వదిలేసి మనం చేసుకునే కలయిక నాకు వద్దు. సంఖ్య పెరిగితే హాలు పెద్దది చూద్దాం.

సోషల్ మాస్టారు (మార్కాపురం)

చిరంజీవులకు ఆశీస్సులు. మా మనవడు చూపిస్తే చదివాను. మీకు ఎనిమిదిలో, పదిలో సాంఘికశాస్త్రం చెప్పాను.

వెతకడం ఎలాగని కంభం అడిగాడు. దానికి దారి ఉంది. హాజరు పట్టీలు ఇన్నేళ్లు ఉండవు. అడ్మిషన్ రిజిస్టర్ మాత్రం శాశ్వత రికార్డు, ఎంత పాతదైనా బడిలో ఉంచాల్సిందే. మీరు ఆరో తరగతిలో చేరింది 1991 జూన్‌లో. ఆ పేజీల్లో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, బడి విడిచిన తేదీ ఉంటాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో నేను, తర్లుపాడు రోడ్డు కూర్చుని రాసుకొస్తాం. పేర్లు మాత్రం ఇలా నలుగురూ చూసేచోట పెట్టకండి. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి పిలవాలి. పిలుపు పద్ధతిగా ఉంటే చిన్నబుచ్చుకోవడం ఉండదు.

జూన్ నెలలో మేం కూడా షెడ్ల చుట్టూ తిరిగేవాళ్లం. పిల్లల్ని పంపమని అడిగితే, ఆ కూలి లేకపోతే ఇల్లు గడవదని తల్లులు చెప్పేవారు. కొందరిని తీసుకురాగలిగాను. చాలామందిని తీసుకురాలేకపోయాను.

మన ఊరు 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలోది. ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు కలిశాం, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. అందుకే మీ మాటలో సీమ పలుకుంటుంది. భోజనంలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తప్పక పెట్టించండి.

కంభం చెరువు (బెంగళూరు)

మాస్టారూ, నమస్కారం. ఇంటింటికీ వెళ్లి పిలిచేట్టయితే నాకు అభ్యంతరం లేదు. నేను పండక్కి ముందే వచ్చి మీతో తిరుగుతాను. వాటా విషయంలో ఒక ప్రతిపాదన: ఎవరు ఎంత ఇచ్చారో నల్లకోటుకు తప్ప ఎవరికీ తెలియకూడదు. స్టేజీ మీద దాతల పేర్లు చదవొద్దు.

డల్లాస్ గడియారం (డల్లాస్)

కంభం మాటకు నా ఓటు. నా పేరు ఎక్కడా వేయొద్దు. బడికి ఏదైనా చేయాలంటే ఆ సంగతి విడిగా మాట్లాడుకుందాం, ఆ రోజు మాత్రం భోజనం, కబుర్లే.

నల్లపలక (మార్కాపురం)

మాస్టారికి పాదాభివందనం. మీరు మా షెడ్డుకు వచ్చిన రోజు నేను రాళ్ల గుట్ట వెనక దాక్కున్నాను సార్, మిమ్మల్ని చూసి ఏడుపొచ్చింది.

నాకు తెలిసినవాళ్లందరి ఇళ్లూ చూపిస్తాను. రెండు విషయాలు అడుగుతాను, మరోలా అనుకోకండి. టీషర్టు మీద 'ఎస్సెస్సీ 1996' అని వేస్తే మేం తొడుక్కోలేం. '1991 ఆరో తరగతి' అని వేస్తే అందరిదీ అవుతుంది. ఇంకోటి, మాలో చాలామందికి చేసిన పనికే కూలి. మామూలు రోజైతే ఆ పూట పోతుంది. ఆదివారమే పెట్టండి, పొద్దున కంటే మధ్యాహ్నం నుంచి అయితే మేలు. పొద్దుపోయేదాకా ఉంటాం.

ఆడవాళ్లలో చట్రాల పని చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. గుండ్లకమ్మ అక్క ఒకసారి వచ్చి తనే పిలిస్తే వస్తారు. మేం పిలిస్తే ఇంట్లో పంపరు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

దసరా సెలవుల్లో వస్తాను. నాతో పాటు గర్ల్స్ హైస్కూలు నుంచి ఇంకో ఇద్దరం. తర్లుపాడు రోడ్డూ, మీ ఆవిడతో చెప్పు, మీ ఇంట్లోనే దిగుతాం.

రెండో బెంచి (హైదరాబాద్)

సరే, ఇప్పటికి తేలినవి ఇవి. సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు నుంచి. నేను చేసిన జాబితా తీసేస్తున్నాను. మాస్టారు అడ్మిషన్ రిజిస్టర్ నుంచి రాసుకొచ్చిందే జాబితా. టీషర్టు మీద '1991 ఆరో తరగతి, మార్కాపురం'. లెక్కలు నల్లకోటు చూస్తాడు. పెద్ద హాలు, క్యాటరింగ్ తర్లుపాడు రోడ్డు చూస్తాడు. ఉగ్గాని, బజ్జీ మెనూలో రాసుకున్నాం మాస్టారూ. పుస్తకంలో నల్లపలక రాసింది మొదటి పేజీలో వేస్తున్నాను, వాళ్లమ్మాయి టైపు చేసినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా.

దొనకొండ బండి (గుంటూరు)

నేను శనివారం రాత్రి బండికే వస్తాను. మార్కాపురం రోడ్‌లో దిగేసరికి ఆలస్యమవుతుంది. ఆ టైములో ఊళ్లోకి ఆటోలు ఉంటాయా?

నల్లపలక (మార్కాపురం)

ఆటో ఎందుకు, నేను బండి వేసుకుని వస్తాను. ఏ బోగీనో చెప్పు.